అడ్డం అచ్చు

నా డైరీలో ఒక గురువారం పేజీకి సవరణ ఉంది. ఇరవై రెండేళ్లుగా డైరీ రాస్తున్నాను. రాసినదాన్ని కొట్టివేసే అలవాటు నాకు లేదు. తప్పు తేలితే కింద గీత గీసి, సరైన అంకెను పక్కన వేస్తాను. ఆ పేజీలో "ఎకరానికి నడక: 9.4 కిలోమీటర్లు" అన్న వరుస కింద గీత ఉంది. పక్కన "10.8" అని ఉంది. ఆ రెండు అంకెల మధ్య తేడా నేను పుట్టించింది కాదు, అది నేలలో ముందే ఉంది. దాన్ని కొలవకపోవడం మాత్రం నా పనే.

నేను వ్యవసాయ యంత్రాలు అమ్మే సంస్థలో ఉద్యోగిని. రైతు పొలంలోకి యంత్రాన్ని తీసుకెళ్లి, నడిపి చూపించడం నా బాధ్యత. ఆ సంవత్సరం సెప్టెంబరులో ఒంగోలులోని ఒక హోటల్లో డీలర్లకు సమావేశం పెట్టారు. పైఆఫీసు నుంచి వచ్చిన అధికారి తెర మీద ప్రపంచ పటం చూపించాడు. అమ్మకాలు ఇక పెరగవని తేలిన దేశాలకు బూడిద రంగు వేశారు. పెరగడానికి అవకాశం ఉన్న దేశాలకు ఆకుపచ్చ వేశారు. మనది ముదురు ఆకుపచ్చ. ఆయన ఇంగ్లీషులో చెప్పేదాన్ని తెలుగులోకి మార్చి చెప్పడం నాకు అప్పగించారు. "ఎదుగుతున్న ఆర్థిక వ్యవస్థల్లో కూలీల కొరత పెరుగుతోంది, కాబట్టి చిన్న యంత్రాలకు మంచి భవిష్యత్తు ఉంది" అని నేను చెప్పగానే, ముందు వరుసలో కూర్చున్న డీలరు చెయ్యెత్తాడు.

"ఎదుగుతున్నది అంటే మనమేనాండి?"

"మనమేనండి."

"ఎప్పటికి ఎదుగుతాం?"

నేను అధికారి వైపు చూశాను. ఆయన తర్వాతి స్లైడు నొక్కాడు.

ఆ స్లైడు మీద పవర్ వీడర్ ఉంది. చేతితో పట్టుకుని వెనక నడుస్తూ సాళ్ల మధ్య కలుపు తీసే చిన్న పెట్రోలు యంత్రం అది. పళ్ల వెడల్పు ఇరవై ఎనిమిది అంగుళాలు. ఇంతకన్నా సన్నటి పళ్ల సెట్టు ఉందా అని నేను అడిగాను. ఉందనీ, అది వేరే దేశాల మార్కెట్ల కోసమనీ, మన ప్రాంతానికి సగటు సాలు వెడల్పు లెక్కగట్టి ఇరవై ఎనిమిదిగా నిర్ణయించారనీ ఆయన చెప్పాడు. సగటు ఎక్కడ కొలిచారని నేను అడగలేదు. కొలత విషయంలో అజాగ్రత్తగా ఉండటం ఆ రోజే మొదలైందని ఇప్పుడు అనిపిస్తుంది.

ప్రదర్శనకు నేను ఎంచుకున్న ఊరు వినుకొండకు దక్షిణంగా పద్నాలుగు కిలోమీటర్ల దూరంలో ఉంది. అక్కడ మిరప ఎక్కువ. పొలం ఒక కౌలు రైతుది. నలభై ఏళ్ల మనిషి, పర్చూరు దగ్గరి ఊరి నుంచి ఆ ఊరి కోడలిగా వచ్చింది. రెండెకరాల మిరప తోటలో గుంటక తోలి కలుపు తీసేది ఆమెకు బాబాయి వరసయ్యే పెద్దాయన. ఆయనకు అరవై ఎనిమిదేళ్లు, ఒక జత ఒంగోలు ఎద్దులు, అరిగిపోయిన కుడి మోకాలు ఉన్నాయి. చర్చిలో సంఘపెద్ద, ఆదివారం కాడి కట్టడు. మిగతా ఆరు రోజులూ ఊళ్లో సగం తోటలకు గుంటక ఆయనదే.

ఆయనకు యంత్రం మీద ఉన్న ఆశ మా పైఆఫీసుకు కూడా ఉండేది కాదు. యంత్రం పని చేస్తే ఎద్దులను అమ్మేసి, దాన్ని తీసుకుని, ఊరి తోటలకు దానితోనే కలుపు తీయాలని నిర్ణయించుకున్నాడు. నడక ఎలాగూ తప్పదు కదా అని నేను అడిగితే, ఒక చేత్తో గుంటక అదిమి పట్టి, ఒక చేత్తో పగ్గాలు లాగుతూ, నల్లరేగడి గడ్డల మీద నడవడానికీ, హ్యాండిల్ మీద బరువు మోపి నడవడానికీ తేడా చెప్పాడు. ఇంటి ముందు రెండూ నడిచి చూపించాడు. రెండో నడకలో ఆయన కుంటలేదు.

"డాక్టరు ఏమన్నాడంటే, ఈ పంట గనక గుంటక ఎనక నడిస్తే వచ్చే ఏడు మంచం మీంచే పొలం చూసుకోమన్నాడు" అన్నాడు.

"మా బాబాయి మాట ఇనడు సారూ. మీ మిషనన్నా ఇనిపిస్తదేమో చూద్దాం" అంది ఆమె.

అమ్మడానికి ఎద్దుల బేరగాణ్ని ప్రదర్శన జరిగే శనివారమే రమ్మని కబురు పెట్టాడు. ఈ బేరగాడు నాకు పాత పరిచయమే. నేను ఏ ఊళ్లో ప్రదర్శన పెడితే ఆ ఊరికి మధ్యాహ్నానికల్లా వస్తాడు. మా మార్కెట్ పెరిగితే ఆయన మార్కెట్ కూడా పెరుగుతుందని ఆయన ఏ స్లైడూ చూడకుండానే గ్రహించాడు. నా కార్యక్రమాల పట్టిక నెల ముందే అడిగి రాసుకుంటాడు.

ఇక్కడ మిరప నాటే పద్ధతి గురించి చెప్పాలి. అడ్డకర్రకు సమాన దూరంలో పళ్లు దిగ్గొట్టిన చట్రం ఒకటుంటుంది. దాన్ని దుక్కి మీద నిలువుగా లాగుతారు, గీతలు పడతాయి. తర్వాత అడ్డంగా లాగుతారు, నేలంతా గళ్లు పడతాయి. గీతలు కలిసిన ప్రతి చోటా ఒక మొక్క. దీన్ని అచ్చు తోలడం అంటారు. ఇలా నాటితే గుంటక నిలువూ తిరుగుతుంది, అడ్డమూ తిరుగుతుంది. మొక్క నాలుగు వైపులా కలుపు పోతుంది. అచ్చు అంటే చదరం. ఇది నేను చిన్నప్పటి నుంచీ చూస్తున్న విషయం, కాబట్టి దీన్ని కొలవాలని నాకు తోచలేదు.

కొలవలేదు అనడం కూడా పూర్తిగా నిజం కాదు. గురువారం వెళ్లి కొలిచాను. ముందు రోజు వాన పడింది. రేగడిలో అడుగు పెడితే చెప్పు పైకి రాదు. అందువల్ల రోడ్డు వైపు గట్టు మీదే నడుస్తూ, వంగి, ఒక్కొక్క సాలు వెడల్పూ టేపుతో కొలిచాను. పది చోట్ల కొలిచాను. తొమ్మిది చోట్ల ముప్పై నాలుగు అంగుళాలు, ఒక చోట ముప్పై మూడున్నర. ఇరవై ఎనిమిది అంగుళాల యంత్రానికి అటూ ఇటూ మూడేసి అంగుళాల చోటు మిగులుతుంది. నా పక్కనే పెద్దాయన నిలబడి ప్రతి అంకెకూ తల ఊపాడు. ఎకరా వైశాల్యాన్ని సాలు వెడల్పుతో భాగించి, ఒక వైపు నడక 4.7 కిలోమీటర్లనీ, నిలువూ అడ్డమూ కలిపి 9.4 అనీ లెక్కగట్టి ఆయనకు చెప్పాను.

"ఎకరానికా?" అన్నాడు.

"ఎకరానికి."

"నా మోకాలు ఇంకా ఎక్కువ చెప్తందే" అన్నాడు.

నొప్పి మనిషి చేత ఎక్కువ చెప్పిస్తుందని డైరీలో రాసుకున్నాను.

శనివారం ఉదయం పది ఇరవైకి యంత్రాన్ని ఆటో మీద నుంచి దించాం. గట్టు మీద పద్దెనిమిది మంది రైతులు చేరారు. నేల ఆరింది. నిలువుగా నాలుగు సాళ్లు తోలాను. కలుపు తెగి పక్కకు పడింది, ఒక్క మొక్క ఆకు కూడా కదల్లేదు. గట్టు మీద మాటలు తగ్గాయి. మా వృత్తిలో ఇది మంచి గుర్తు. అయిదో సాలు పెద్దాయన తోలాడు. చివరిదాకా వెళ్లి తిరిగి వచ్చాడు.

"ఏందిరా, పెళ్లికొడుకు నడక నడుస్తన్నావు!" అని గట్టు మీద నుంచి ఆయన ఈడువాడు అరిచాడు.

"నువ్వు కూడా రారా, నీకూ చేస్తా" అన్నాడు ఈయన.

అప్పటికి బేరగాడు కూడా వచ్చి, ఎద్దుల పక్కన నిలబడి, వాటి పళ్లు చూస్తున్నాడు. అక్కడితో ఆపి ఉంటే ప్రదర్శన విజయవంతమయ్యేది. నేను సంపూర్ణత కోరే మనిషిని. "అడ్డం కూడా చూపిస్తాను" అన్నాను.

యంత్రాన్ని తిప్పి అడ్డం సాల్లో పెట్టాను. ముందు చక్రం సాల్లో సరిగ్గానే నిలిచింది. నేను ముందుకూ, మధ్యమధ్యలో గట్టు మీది రైతుల వైపూ చూస్తూ నడిచాను. పీకేసిన మొక్కలు యంత్రం వెనక, నా కుడి వైపున, కలుపుతో కలిసి పడుతున్నాయి. అందరూ అది కలుపే అనుకున్నారు. మిరప పూత పూసిన కలుపు ఉంటుందా అని ఎవరూ ఆలోచించలేదు. టీ క్యాను పట్టుకుని అప్పుడే గట్టెక్కిన పొలం రైతుకు మాత్రం తన మొక్క తనకు తెలుసు.

"ఆపండి! ఓ సారూ, ఆపండయ్యా! మొక్కలు! నా మొక్కలన్నీ పీకుతన్నావయ్యా!"

యంత్రం ఆపి లెక్కపెట్టాను. నలభై ఒక్క మొక్కలు. ముప్పై నాలుగు అంగుళాల దూరం చొప్పున నూట పదహారు అడుగులు. జేబులోంచి టేపు తీసి, ఆ రోజు మొదటిసారిగా అడ్డం సాలు కొలిచాను. ఇరవై ఆరు.

"ఇరవై ఆరు" అన్నాను.

"ఇరవై ఆరే" అంది ఆమె. "అడ్డం అచ్చు మా నాన్నది. నిలువు తోలాక మామయ్య వాళ్ల చట్రం పన్ను ఇరిగింది. పొద్దుపోతంది, కూలోళ్లు నారు పట్టుకుని నిలబడ్డారు. అటక మీద మా పుట్టింటి చట్రం ఉంటే దాంతో లాగించా. మా నాన్న పొగాకు ఏసేవోడు. పొగాకు అచ్చు సన్నం."

నేను పెద్దాయన వైపు తిరిగాను. ఆ అచ్చు లాగింది ఆయన ఎద్దులే.

"మీకు తెలుసా?"

"ఎందుకు తెలీదు? నిలువుకి పెద్ద గుంటక, అడ్డానికి చిన్న గుంటక. రెండూ తెచ్చుకుంటా."

"మరి నాతో అనలేదే?"

"టేపు పట్టుకున్నోడికి నేను చెప్పేదేందయ్యా" అన్నాడు. ఆ గొంతులో ఎగతాళి లేదు. "పది చోట్ల కొలిస్తివి. సన్నపళ్లు కూడా తెచ్చుంటావనుకున్నా."

గట్టు మీద నుంచి నవ్వు వచ్చింది. తర్వాత, పొలం రైతు మొహం చూసి ఆగింది.

పెద్దాయన యంత్రం దగ్గరికి వచ్చి పళ్ల మీద చెయ్యి వేశాడు.

"సన్నది లేదా?"

"ఉంది. మన దేశానికి ఇవ్వలేదు."

"ఎవరికిచ్చారు?"

"వేరే దేశాలకి."

"ఆళ్లు మిరప ఏస్తారా?"

"తెలియదండి."

నిలువు మాత్రమే తోలితే మొక్క మొదట్లో కలుపు అలాగే మిగిలిపోతుంది. అడ్డం తోలాలంటే ఎద్దులు కావాలి. ఎద్దులుంటే యంత్రం దేనికి? ఇదంతా ఆయన బయటికి అనలేదు. వంగి కుడి మోకాలు రెండుసార్లు రుద్దుకుని, బేరగాడితో, "ఈ పంట దాటనీయవయ్యా" అన్నాడు.

బేరగాడు ఎద్దు మూతి వదిలి నా దగ్గరికి వచ్చాడు. "ఆ ఇంకో పక్క కూడా కొలిచుంటే మీకో మిషను, నాకో జతా అయ్యేయి కదండీ" అన్నాడు. వ్యాపారరీత్యా అది సరైన విశ్లేషణ.

పోయిన మొక్కల చోట పెట్టడానికి పొలం మూలన మిగులు నారు ఉంది. ముప్పై మొక్కలే ఉన్నాయి. మిగతా పదకొండూ పక్క తోటలో అడిగి తెచ్చాను. నలభై ఒక్కటీ నేనే నాటతానన్నాను. ఆమె వద్దనలేదు. మొదటి మూడూ నేను నాటాక పీకేసి, వేరు వంకర పోకుండా ఎలా పెట్టాలో చూపించింది.

"ఇయ్యి ఎనకబడతయ్ సారూ. ఆటి కాయ ఆఖర్న ఇడిగా ఏరాలి" అంది.

"ఎన్ని రోజులు వెనక?"

"రాసుకుంటారా?"

"రాసుకుంటాను."

"నెల రాసుకోండి."

ఆ రాత్రి ప్రదర్శన నివేదిక పంపించాను. రైతు యంత్రాన్ని తీసుకోకపోవడానికి కారణం ఏమిటన్న ప్రశ్నకు ధర, ఇంధనం, మరమ్మతు, రుణం, ఇతరం అని అయిదు గళ్లున్నాయి. ఇతరం దగ్గర గుర్తు పెట్టి, "ప్రదర్శకుడు అడ్డం కొలవలేదు" అని రాశాను. పైఆఫీసు నుంచి ప్రశ్నలేమీ రాలేదు. సన్నటి పళ్ల సెట్టు కావాలని విడిగా రాసిన ఉత్తరానికి మాత్రం, ఈ మార్కెట్లో దానికి గిరాకీ నమోదు కాలేదని జవాబు వచ్చింది. అందులో అబద్ధం లేదు. గిరాకీ గుంటక వెనక నడుస్తోంది. నమోదు చేయాల్సిన మనిషిని నేనే.

ప్రదర్శన యంత్రాన్ని గురువారం తిరిగి ఇవ్వాలి. అప్పటిదాకా అది నా ఆధీనంలో ఉంటుంది. సోమవారం సెలవు పెట్టి తెల్లవారేసరికి పొలానికి వెళ్లాను. నలభై ఒక్క మొక్కల్లో ముప్పై ఎనిమిది తల నిలబెట్టాయి, మూడు వాలాయి. పెద్దాయన అప్పటికే కాడి కట్టాడు. నిలువు నేను తోలతానని చెప్పాను. ఆయన పెద్ద గుంటకను గట్టు మీద పెట్టేసి చిన్నది తీసుకున్నాడు. నేను తోటకు అటు చివర మొదలుపెట్టాను, ఆయన ఇటు చివర. తోట మధ్యలో ఒకరికొకరం ఎదురుపడ్డప్పుడు నేను ఇంజిను తగ్గించి ఆగేవాణ్ని. ఎద్దులు దాటాక కదిలేవాణ్ని.

పది గంటలకు గట్టు మీద కూర్చుని టీ తాగాం. మోకాలు చాపి, దాని మీద తడి తువ్వాలు వేసుకున్నాడు. నేను డైరీ తెరిచి కొత్త లెక్క వేశాను. నిలువు 4.7. అడ్డం 6.1. మొత్తం 10.8. ఆయనకు చూపించి, మోకాలు చెప్పిందే నిజమని ఒప్పుకున్నాను.

ఆయన అంకెలను చదివాడు. నేను తోలిన వైపు ఏ అంకో, తాను తోలిన వైపు ఏ అంకో అడిగాడు. చెప్పాను.

"పెద్దది నాకే వచ్చిందన్నమాట" అని, తువ్వాలు పిండి భుజాన వేసుకుని, మిగిలిన సాళ్లు తోలడానికి లేచాడు.