ఓవర్సీరు తాగిన షర్బత్

మా చెల్లెలి కూతురు హైదరాబాదులో కాలేజీ పిల్లలకు పట్టణాల గురించి పాఠాలు చెబుతుంది. పట్టణాల గురించి పాఠాలేమిటో నాకు మొదట్లో అర్థం కాలేదు. మొన్న సెలవులకు నిజామాబాదు వచ్చినప్పుడు సంచీ నిండా పుస్తకాలు తెచ్చుకుంది, అన్నీ ఈమధ్య వచ్చినవే. రోడ్డు ఎవరి ఇంటి ముందుకు వస్తుంది, నీళ్లు ఏ గల్లీకి పోతాయి, ఎవరిని పట్టుకుంటే ఏ పని అవుతుంది, ఇవన్నీ చదువుకున్నవాళ్లు ఏళ్ల తరబడి తిరిగి రాశారట. ఒకచోట నాకు తెలుగు చేసి వినిపించింది. పేదవాళ్లు నోరు లేనివాళ్లేం కారు, మెంబరు వెంట పడతారు, ఆఫీసు ముందు కూర్చుంటారు, ఓట్లు చూపించి నీళ్లు తెచ్చుకుంటారు అని ఉంది అందులో. అంతా విన్నాను. "మా గల్లీ సంగతి వీళ్లకు ఎవరు జెప్పలేదు బిడ్డా" అన్నాను. అయితే నువ్వే రాసిపెట్టు పెద్దమ్మా అంది. ఏడో తరగతి దాటని చదువు నాది. అక్కడెందుకు ఆగిందో చెప్పాలంటే ఎలాగూ నీళ్ల దగ్గరే మొదలుపెట్టాలి.

అరవైల్లో మా గల్లీ రైలుపట్టాలకు ఇవతల ఉండేది. సగం ఇళ్లు మావాళ్లవి, సగం ముస్లింలవి. వాళ్లు మాకంటే ఎంతో ముందునుంచి ఉన్నవాళ్లు. గల్లీలో చేదబావి ఉండేది గానీ అందులో ఉప్పు నీళ్లు. ఆ నీళ్లతో పప్పు ఉడకదు, సబ్బు నురగ రాదు. తాగడానికి కావాలంటే బిందె పట్టుకుని పట్టాలు దాటి ఒక తోట బావికి పోవాలి. వచ్చేటప్పుడు గేటు పడిందంటే నెత్తిన బిందెతో నిలబడాల్సిందే. బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో చెరకు ఆడే రోజుల్లో గూడ్సు బండ్లు మరీ ఎక్కువ. ఆ డబ్బాలను లెక్కపెట్టడం విసుగొచ్చి మానేశాను.

బాపు, అంటే మా నాన్న, గంజ్ బజారులో ధాన్యం తూకం వేసేవాడు. అవ్వ, అంటే మా అమ్మ, బీడీలు చుట్టేది. బీడీ ఆకు తడపడానికి కూడా నీళ్లు కావాలి. ఆమె ఒళ్లో చేట పెట్టుకుని కూర్చుందంటే లేవడానికి వీల్లేదు. చెల్లెలు అప్పటికి చంకపిల్ల. అందుకని నీళ్లు నా పని అయింది. ఎవరూ ఇది నీ పని అని చెప్పలేదు. ఒకరోజు బిందె నా చేతిలో ఉంది, అంతే.

పొద్దున గేటు పడ్డ రోజున బడికి ఆలస్యం. రెండు గూడ్సులు వెంటవెంట వచ్చిన రోజున అసలు బడే లేదు. చివరికి పెద్ద పంతులమ్మ అవ్వను పిలిపించింది. కోపంగా కూడా మాట్లాడలేదు. "తెలివైన పిల్లనే. కని బడికి రావాలె గద. ఇంకొక్క నాగా పెట్టిందంటే పేరు తీసేస్త. ఏడో తరగతి పరీక్షకు కూసోనియ్య" అంది. అవ్వ ఇంటికి వచ్చి ఆ మాటే బాపుకు చెప్పింది. బాపు కాళ్లు కడుక్కుంటున్నాడు, నేను తెచ్చిన నీళ్లతోనే.

"మున్సిపాలిటోళ్లు నల్లలు పెడుతున్నరట. మన గల్లీకి గూడ వస్తది" అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, "నల్ల వచ్చిందనుకో, ఏ ఫికరు లేకుంట బడికి పో బిడ్డా. ఎంత చదువుతవో చదువు" అన్నాడు.

నల్ల అంటే కుళాయి అని నాకు తెలుసు. బోధన్‌లో మా చిన్నమ్మ వాళ్లు చక్కెర ఫ్యాక్టరీ క్వార్టర్లలో ఉండేవాళ్లు. ఊరంతా చెరకు మడ్డి వాసన. ఎండాకాలంలో అక్కడికి పోయినప్పుడు ఇంటి వెనక గోడకున్న నల్లను తిప్పడం, ఆపడం, మళ్లీ తిప్పడం నా పని. చిన్నమ్మ తిట్టేది. మా చిన్నమ్మ పిల్లలు ఆ నల్ల వైపు చూసేవాళ్లు కూడా కాదు. నాకది అన్యాయంగా అనిపించేది.

కొన్నాళ్లకు వార్డు మెంబరు వచ్చాడు. మా గల్లీకి, వెనక గల్లీకి కలిపి ఒక్కటే నల్ల మంజూరైందట. ఎక్కడ పెట్టాలో మున్సిపాలిటీ ఓవర్సీరు వచ్చి చూసి చెబుతాడట. "ఎవలకు తక్లీఫ్ ఎక్కువుంటే వాళ్లకే నల్ల. సార్ వచ్చినప్పుడు మీ బాధ కండ్లకు గట్టినట్టు సూపెట్టుండ్రి" అని చెప్పి, టీ తాగి పోయాడు.

ఇంతకంటే స్పష్టంగా ఎవరు చెబుతారు? కానీ మా గల్లీ పెద్దమనుషులు ఆ సాయంత్రం టీ హోటల్ ముందు కూర్చుని ఆలోచించిన తీరు వేరు. సర్కారు మనిషి మన గల్లీలో అడుగుపెడుతున్నాడు. మురుగు మోరి కంపు కొడుతుంటే ఏం బాగుంటుంది? దుమ్ము లేస్తుంటే మనల్ని ఏమనుకుంటాడు? ఎదురింటి ముసలమ్మ తలుపు వెనక నుంచి ఇంకో మాట కలిపింది. గల్లీ మొత్తం ఆమెను నానీ, అంటే అమ్మమ్మ, అనేది, హిందువులం కూడా. "మెహమాన్ వస్తుంటే గొంతు ఎండబెట్టి పంపుతమా? షర్బత్ నా ఇంట్ల" అంది. అందరూ తలలూపారు. బాపు కూడా ఊపాడు.

ఓవర్సీరు వచ్చేది బడి ఉన్న రోజే. అవ్వ నన్ను నిద్రలేపి బిందె చేతికిచ్చింది. పంతులమ్మ ఏమందో గుర్తు చేశాను. "నాకు యాది లేదా? ఈ ఒక్క దినం మోస్తే ఇగ మోసే పనే తప్పుతది. పంతులమ్మకు నేను జెప్త తియ్" అంది. అది సబబుగానే తోచింది నాకు. తోటబావికి పోయాను, వచ్చాను, మళ్లీ పోయాను. గల్లీలో ఆడవాళ్లు, ఆడపిల్లలు అందరం అదే పని. తోటమాలి ఏం పెళ్లి అని అడిగాడు. ఆ నీళ్లతో మోరి కడిగారు. దుమ్ము అణిగేదాకా బాట తడిపారు. మావాళ్లు పేడనీళ్లతో సానుపు చల్లి ముగ్గులేశారు. వచ్చే మనిషికి నిండు బిందె ఎదురైతే మంచిదని ప్రతి గడప ముందూ ఇత్తడి బిందెలు, రాగి బిందెలు చింతపండుతో తోమి, నిండా నీళ్లు పోసి పెట్టారు. ఎండకు కళ్లు చెదిరేలా మెరిశాయి. నా మెడ నొప్పికి తల పక్కకు తిరగడం లేదు, అయినా గల్లీని చూసి మురిసిపోయాను. అబద్ధమెందుకు చెప్పాలి.

ఓవర్సీరు వచ్చాడు. కృష్ణా జిల్లా వైపు మనిషి, మాట మెత్తన. సైకిలు దిగగానే ఒకరు కాళ్లకు నీళ్లిచ్చారు, ఒకరు చేతులకు, ఒకరు తుడుచుకోవడానికి కొత్త తువ్వాల. అతనికే సిగ్గేసినట్టుంది. నానీ ఇంటి ముందు కుర్చీ వేశారు. నిమ్మకాయ పిండి, సబ్జా గింజలు వేసి, బజారు నుంచి తెప్పించిన బరఫ్ ముక్కలు వేసిన షర్బత్ గాజు గ్లాసులో వచ్చింది. తాగాడు. మొహమాటపడుతూ ఇంకో గ్లాసు అడిగాడు.

"వీధి ఎంత శుభ్రంగా ఉంచుకున్నారండీ. నీళ్లు కూడా తియ్యగా ఉన్నాయి" అన్నాడు.

అక్కడ మా బాపు ముందుకొచ్చాడు. "సార్, నీళ్లకు మాకు శాన తక్లీఫ్ ఉన్నది."

ఓవర్సీరు బిందెల వరస వైపు ఒకసారి చూశాడు. మర్యాదస్తుడు కదా, చిన్నగా నవ్వాడు.

"గవి..." అని బాపు మొదలుపెట్టాడు. పట్టాల అవతల నుంచి మోసుకొచ్చినవి సార్, మా పిల్లలు బడి మాని తెచ్చినవి సార్ అని చెప్పబోయాడని నాకు తెలుసు. నేను తలుపు దగ్గరే నిలబడి ఉన్నాను. నానీ కొడుకు, గల్లీకి పెద్ద, బాపు మోచెయ్యి పట్టుకుని ఆపేశాడు. "ఊకో అన్నా. తాగిపిచ్చినంక దాని కష్టం జెప్తరా?" అని చెవిలో అన్నాడు. మాలో అది నిజంగానే తప్పు. ఇంటికొచ్చిన మనిషికి ఇచ్చిన దాని వెనక ఎంత ఒళ్లు నొప్పి ఉందో అతని మొహం మీద చెప్పడమంటే, ఇచ్చింది తిరిగి లాక్కోవడమే. బాపు నోరు మూసుకున్నాడు. ఓవర్సీరు అందరికీ దండం పెట్టి, వెనక గల్లీలోకి పోయాడు.

అక్కడ అతనికి కుర్చీ కూడా వేయలేదట. ఇద్దరు ఆడవాళ్లు ఒక కుండ దగ్గర జుట్లు పట్టుకుని ఉన్నారట. తాగడానికి నీళ్లడిగితే, "మాకే లేవు, నీకేడికెల్లి తేవాలె" అందట వారిలో ఒకామె. వాళ్లకే నల్ల పెట్టారు. అందులో ఓవర్సీరు చేసిన తప్పేమీ నాకు కనిపించదు. చూసిందే రాసుకున్నాడు.

అవ్వ మరునాడు నన్ను వెంటబెట్టుకుని బడికి పోయింది. ఎందుకు నాగా పెట్టిందని పంతులమ్మ అడిగింది. నల్ల కోసం ఓవర్సీరు సారొస్తే నీళ్లు మోసిందని అవ్వ చెప్పింది. "నీళ్లు లేవని సూపెట్టెతందుకు నీళ్లు మోసిందా?" అంది పంతులమ్మ. అబద్ధమైతే ఇంకా మంచిది అల్లి ఉండేవాళ్లం. పేరు తీసేశారు.

వెనక గల్లీ నల్ల దగ్గర మాకు చివరి వంతు ఇచ్చేవాళ్లు. అదీ బడిగంట కొట్టే వేళకే. తోటబావి కంటే దగ్గరే, కాదనను. మిగిలిన పొద్దుకు అవ్వ నా ఒళ్లోకి కూడా ఒక బీడీల చేట తెచ్చింది. నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. నానీ మీద కాదు. ఆమె బతికినన్నాళ్లూ, నిమ్మకాయలు చూసిన ప్రతిసారీ, సాబ్ మా ఇంట్లో రెండు గ్లాసులు తాగిండని చెప్పుకుంది. వింటూ ఊ కొట్టేదాన్ని. నా కోపం బాపు మీద. అంత దూరం వచ్చిన మాటను మింగాడు కదా అని. ఏళ్లపాటు ఆయన అడిగిన దానికి తప్ప జవాబివ్వలేదు.

డెబ్బైల్లో ఎన్నికలొచ్చాయి. ఈసారి ఓవర్సీరు రాలేదు, ఎవరూ ఏమీ అడగలేదు. మా గల్లీలో ఓట్లు ఎక్కువున్నాయని మెంబరుగా నిలబడ్డ కొత్తాయనకు ఎవరో చెప్పారట. ఒక మధ్యాహ్నం కూలీలు వచ్చి బాట తవ్వి, సరిగ్గా మా గడపకు ఎదురుగా నల్ల పెట్టి పోయారు. ఈ భాగం మాత్రం తన పుస్తకాల్లో ఉందని మా పిల్ల సంతోషపడింది. వాళ్లమ్మ, అంటే నా చెల్లెలు, అప్పుడు సంచీ తగిలించుకుని బడికి పోయే వయసు. చెల్లెల్ని బిందె ముట్టనీయవద్దని అవ్వ నాకు గట్టిగా చెప్పింది. ముట్టనీయలేదు.

ఆ సాయంత్రం నల్లలో మొదటిసారి నీళ్లు వచ్చాయి. నేను వాకిట్లో బీడీలు చుడుతున్నాను. బాపు గంజ్ నుంచి వచ్చి, చెప్పులు విడిచి, ఇంట్లోకి పోయి బిందె తెచ్చాడు. మా గల్లీలో మగవాళ్లు బిందె ముట్టగా ఎవరూ చూడలేదు. నల్ల దగ్గరున్న ఆడవాళ్లు జరిగి దారిచ్చారు. నింపుకుని, భుజం మీద సరిగ్గా నిలవక చొక్కా అంతా తడుపుకుంటూ తెచ్చి, నా పక్కన దించాడు.

"నల్ల వచ్చింది బిడ్డా" అన్నాడు.

"వచ్చింది బాపు" అన్నాను.

ఇంకా ఏదో అంటాడేమో అని చూశాను. ఆయన తడి చేతులు పంచెకు తుడుచుకుంటూ నా ఒళ్లో చేట వైపు చూస్తూ నిలబడ్డాడు. నేను ఇంకో ఆకు తీసుకున్నాను.