రాజేశం మార్కులు

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది వరంగల్‌లోని ఒక దవాఖాన సర్జరీ విభాగంలో నన్ను స్టోమా నర్సుగా వేశారు. పేగు ఆపరేషన్ అయిన కొందరికి పేగు చివరను పొట్ట మీది రంధ్రం గుండా బయటికి తెస్తారు. అదే స్టోమా. మలం అక్కడ అంటించిన సంచిలోకి వస్తుంది. సంచి మార్చడం నేర్పడం నా పని. దానితో బతకడానికి రోగులు ఎంత అలవాటుపడ్డారో కొలిచే పని కూడా నాకే అప్పగించారు.

కొలత అంటే ఒక ప్రశ్నావళి. ‘సంచి కారుతుందని భయపడతారా?’, ‘మునుపటిలా పని చేసుకుంటున్నారా?’ జవాబులకు మార్కులు. ఎక్కువ వస్తే బాగా సర్దుకున్నట్టు. ‘ఈత కొడతారా?’ అని కూడా ఉండేది. మడికొండ నుంచి వచ్చిన ఒక ముసలమ్మను అడిగితే, “ఈ వయసుల నన్ను బాయిల దుంకుమంటవా బిడ్డా?” అంది. మా ప్రొఫెసర్ మాత్రం ఒక్క మాటా మార్చనిచ్చేవారు కాదు. మారిస్తే కొలత చెడుతుందట. నిజమే కావచ్చు, కాని రోజూ అడగాల్సింది నేను.

రాజేశానికి హనుమకొండలో బట్టల దుకాణం. ఆయనది సన్నపేగు స్టోమా. దాన్నుంచి మలం నీళ్లలా పోతుంది, ఒంట్లోని ఉప్పూ పోతుంది. అందుకే బాగా తాగాలని చెప్పి పంపాం. మూడో నెలలో ఆయనకు దాదాపు పూర్తి మార్కులు వచ్చాయి. ప్రొఫెసర్ సంబరపడి, కొత్త రోగుల సమావేశంలో మాట్లాడమని ఆయన్నే పిలిచారు.

“ఫికర్ జెయ్యకుండ్రి,” అన్నాడు రాజేశం. “దుకాణం తీసిన కాడ్నుంచి బంద్ జేసేదాక నేను తిన, తాగ. సంచి నిండనే నిండదు. గిరాకి ముంగట లేచే పనే లేదు.”

“చాయ్ గూడ తాగవా అన్నా?” అడిగాడొక రోగి.

“అసలే వద్దు తమ్మీ.”

వెనక కూర్చున్న ఆయన భార్య సువర్ణ, “మంచిగ నేర్పు అందరికి! ఇంట్ల నేను మొత్తుకుంటే ఇంటడా?” అంది.

వింటున్నవాళ్లు తలలూపుతున్నారు. వాళ్లకు అక్కడికక్కడే, అలా చేస్తే ప్రాణం మీదికొస్తుందని చెప్పాను. రాజేశం చేతి చర్మం గిల్లి చూస్తే ముడత అలాగే నిలబడింది, ఒంట్లో నీరు ఇంకిపోయిన గుర్తు. రక్తపరీక్షలో కిడ్నీలు దెబ్బతింటున్నాయని తేలింది. అడ్మిట్ కావాలంటే పెండ్లిళ్ల సీజన్ అన్నాడు, రేపొస్తానన్నాడు, బట్ట బేరమాడినట్టు చివరికి ఒక్క పూట ఉంటానన్నాడు. సువర్ణ ఆయన చేతిలోంచి దుకాణం తాళాలు లాక్కుంది.

సెలైన్లతో కిడ్నీలు చాలామటుకు కోలుకున్నాయి, పూర్తిగా కాదు.

తర్వాత మళ్లీ కొలిచాం. ఇప్పుడు ఆయన తాగుతున్నాడు, తింటున్నాడు, సంచి ఖాళీ చేయడానికి బేరం మధ్యలో లేస్తున్నాడు. కారుతుందని భయమూ మొదలైంది. మార్కులు సగానికి పడిపోయాయి.

“మీరే తాగుమంటిరి. ఇప్పుడు నేను ఫెయిలా మేడం?” అన్నాడు.

సర్దుబాటు క్షీణించిందని ప్రొఫెసర్ రాయించారు. పక్కనే, కిడ్నీలు కోలుకున్నాయని చూపే రక్తపరీక్ష రిపోర్టు పెట్టాను. చూశారు. అది వేరు, ఇది వేరు అన్నారు. ప్రొఫెసర్ నిరుడు చనిపోయారు. మా వాదన తెగలేదు.

ప్రశ్నావళి మారలేదు. అది పూర్తయ్యాక ప్రతి రోగినీ నోటిమాటగా ఒకటి అడగడం మొదలుపెట్టాను: సంచి వచ్చాక ఏం మానుకున్నారు? నీళ్లు, బస్సు ప్రయాణం, చుట్టాల పెండ్లి, భార్య పక్కన పడక, ఏదో ఒకటి చెప్పేవారు. ఇబ్బంది లేదని రోగి అన్నప్పుడు, ఇబ్బంది తగ్గిందో, ఇబ్బంది వచ్చే పనే మానేశాడో నర్సు విడిగా తెలుసుకోవాలి. రెంటికీ మార్కులు ఒకటే పడతాయి.