పసుపు కొమ్ము దండ ఎవరి మెడలోకి?

తొంభైల మొదట్లో మాట. హైదరాబాదులో మా ఆఫీసు దగ్గర ఒక సహాయ సంఘం వాళ్లు దుకాణం పెట్టారు. ఆర్మూరు దగ్గర అగ్గి అంటుకుని ఇళ్లు కాలిపోయిన ఆడవాళ్లు చేసిన దండలట. కొంటే వాళ్ల ఇళ్లకు కప్పులు పడతాయన్నారు. చూస్తే పసుపుతాడు, మధ్యలో నిండు పసుపు కొమ్ము! పుస్తె పోయినప్పుడో, అమ్ముకున్నప్పుడో ఆడది మెడలో కట్టుకునేది అదే కదా. పెళ్లికాని పిల్ల వేసుకోదు, పెళ్లయినామె వేసుకుంటే పుస్తెలేవని అడుగుతారు. మా ఆఫీసు ఆడవాళ్లు ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకోవడం, చప్పున కింద పెట్టేయడం. తెలుగు ఆడవాళ్లే ఇలాంటివి ఎందుకు చేశారో నాకు బొత్తిగా అంతుపట్టలేదు. వేరే రకం చేస్తారేమో కనుక్కుంటే యాభై తీసుకుంటామని మా వాళ్లు నన్ను తరిమారు.

మే నెల. పొద్దున ఆరింటి నిర్మల్ బస్సు, టికెట్టు నలభై లోపే. కామారెడ్డిలో టీ, డిచ్‌పల్లి దాటాక కునుకు, పదకొండున్నరకి ఆర్మూరు. మార్కెట్లో పసుపు బస్తాలు విప్పుతున్నారు, తుమ్మితే చేతిరుమాలు పచ్చబడింది. హోటల్లో జొన్నరొట్టె, తొక్కు తిని ఆలూరు జీపెక్కాను. మూడు రూపాయలు.

“ఏడికక్కా?” అన్నాడు డ్రైవరు. చెప్పాను.

“కాలిన వాడకా? పసుపు ఉడకవెట్టే పొయ్యి కెల్లి నిప్పు లేసింది గదా. నల్లగోడలు కనవడ్డ కాడ దిగు.”

దిగాను. ఎనిమిది ఇళ్లు, ఒక్కదానికీ కప్పు లేదు. ఎండలో పాత చీరలు పందిరేసి, దాని కింద అయిదారుగురు కొమ్ములకు బెజ్జాలు వేస్తున్నారు. అందరి మెడల్లోనూ పసుపుతాడు, కొమ్ము. పెద్దామె పేరు లచ్చవ్వ. పట్నం నుంచి వచ్చానని చెప్పగానే, “పట్నంల మా దండలు మస్తు పోతున్నయంట గదా బిడ్డా? గా సంఘం సారు జెప్పిండు” అంది. ఏం చెప్పాలి? అబద్ధం చెప్పడానికి మనసొప్పలేదు.

“ఒక్కటీ పోలేదవ్వా. అసలు కొమ్ము పెట్టమని ఎవరన్నారు?”

“సారే. పెంకులు కొననీకి మేం పుస్తెలమ్మి కొమ్ములు గట్టుకున్నం. ఆ పైసలు పగిలిన గోడలకే సరిపోయినయి. సారొచ్చి మా మెడలు జూసిండు. ‘మీ ఊరి నగలు మంచిగున్నయి, గిట్లనే చేయుండ్రి’ అన్నడు. పుస్తెలమ్మినమని జెప్ప సిగ్గయింది. పట్నపోల్లకు గిదేమన్న ఫ్యాషనేమో అనుకున్నం.”

ఆయన మంచికే చేశాడు, వీళ్లు మర్యాదకి నోరు మూసుకున్నారు, ఎవరిని తిట్టను? మిరుగం, అదే మృగశిర కార్తె, వానలకి పదిహేను రోజులు కూడా లేదు. ఉక్రోషమొచ్చి, “పోనీ, నేనే వేసుకుంటాను” అంటూ ఒకటి మెడకు పెట్టుకున్నాను.

లచ్చవ్వ ఉరికొచ్చి నా చెయ్యి పట్టుకుంది. “నీకు పెండ్లయిందా?”

“లేదు.”

“మరి గట్లెట్ల ఏస్కుంటవు? తియ్యి! మా కొంపలు కాలింది సాలు, నీకెందుకమ్మా గీ కొమ్ము?” దారం పళ్లతో కొరికి, కొమ్ము తీసేసి, చిన్న చిన్న పసుపు ముక్కలు, నల్లపూసలు కాకుండా ఎర్రపూసలు గుచ్చి ఇచ్చింది. “గిప్పుడేస్కో.” బంగారంలా ఉంది. మిగతావాళ్లు చేసిన దండలన్నీ విప్పడం మొదలుపెట్టారు. అలాంటివి యాభై చేయమని చెప్పి, బయానా చేతిలో పెట్టి, అయిదింటి బస్సుకి తిరిగొచ్చాను.

పార్శిలు జూలైలో వచ్చింది. యాభై దండలూ అమ్ముడయ్యాయి. పార్శిల్లో బడిపంతులు చేత రాయించిన చీటీ: బయానా పైసలతో మూడిళ్లకు కప్పు పడింది, అయిదిళ్లు వానకు కూలినయి. నేను ముందే వెళ్లి ఉంటే అనుకుంటాను, వెంటనే నాదేం తప్పని కూడా అనుకుంటాను, ఇప్పటికీ ఎటూ తేలదు. ఇలాంటిచోటికి వెళ్లేవాళ్లకు ఒక్క సలహా: తిరుగు బస్సు తొందర మానుకుని, వస్తువు చేసినామె పక్కన కూర్చుని “దీన్ని మీరెప్పుడు వేసుకుంటారు?” అని అడగండి. ఆ సారు అంతమాత్రం అడిగి ఉంటే ఆ అయిదిళ్లూ నిలబడేవి.