మంత్రిగారి కట్టుతాడు

మా బావగారు పోయారని శనివారం మధ్యాహ్నం కబురొచ్చింది. సంతాపసభలో పెద్దలంతా ఆయన మంత్రిగారి మీద గెలిచిన కేసు గురించే మాట్లాడారు. ఆ తర్వాత జరిగింది ఎవరూ చెప్పలేదు. అందుకే, ఎన్నడూ రాయని నేను మా పిల్లల కోసం కలం పట్టాను.

ఆయన మావారి అన్నగారు, ప్లీడరు. హైకోర్టు గుంటూరులో ఉన్న రోజులవి. మాకున్న ఒక్క మిరపచేనూ గోదాముల కోసం సర్కారు తీసుకుంటుందని ఒక మంత్రిగారు ఉత్తర్వు ఇచ్చారు. బావగారు కోర్టుకెక్కారు. నేను తలుపు చాటునుంచి కాఫీ అందిస్తుంటే, "భయపడకమ్మాయ్. కట్టుతాడు ఎంతవరకో మేత అంతవరకే. మంత్రిగారి తాడు చట్టం చేతిలో ఉంది," అనేవారు.

తీర్పు రోజు పక్కింటాయన వీధిలోంచే "కొట్టేశారండీ!" అని కేకేశాడు. మా అత్తగారు గుండెలు బాదుకున్నారు. వెనకే వచ్చిన బావగారు ఒకటే నవ్వు. "కొట్టేసింది మన కేసు కాదే అమ్మా, మంత్రిగారి ఉత్తర్వు!"

ఆ సాయంత్రం దేవుడికి పొంగలి పెట్టాను. ఆ ఏడు మళ్ళీ నారు నాటాం. ఆ ఒక్క పంటకాలం మా చేలో మేం ధైర్యంగా నిలబడ్డామంటే ఆయన చలవే.

కాయ ఎర్రబడే వేళకు అసెంబ్లీ కొత్త చట్టం చేసింది. కోర్టు కొట్టేసిన ఆ ఉత్తర్వు, అది ఇచ్చిన రోజునుంచీ చెల్లినట్టేనంది.

"ఇప్పుడు నిజంగానే కొట్టేశార్రా," అన్నారు అత్తగారు.

"రాజ్యాంగం అడ్డు రాదా అన్నయ్యా?" అని మావారు అడిగారు.

"అడ్డొచ్చిన చోట దాన్నీ మార్చుకుంటున్నార్రా. తాడు పేనేదీ వాళ్ళేనాయె."

నేను ఉండబట్టలేక, "జరిగిపోయినదాన్ని మార్చడం రాముడి వల్ల కూడా కాలేదు కదండీ," అన్నాను.

"రాముడికి అసెంబ్లీ లేదమ్మాయ్."

ఎవరమూ నవ్వలేదు. బావగారు మళ్ళీ కోర్టుకెళ్ళారు. ఈసారి వాదించడానికి ఆయనకేమీ మిగల్లేదు. ఆ తర్వాత సర్కారు మీద ఇంకెవరి కేసూ పట్టలేదు.

చేనుకు హద్దురాళ్ళు పాతిన రోజు ఆయన కోర్టునుంచి నల్లకోటుతోనే వచ్చారు. కోయని కాయలు చెట్లమీదే ఎండుతున్నాయి. ఒక సాలు వెంట వంగి గుప్పెడు కోసి జేబులో వేసుకున్నారు.

"అయ్యా, కోయకూడదండీ. గవర్నమెంటుదండీ ఇది," అన్నాడు కావలివాడు, పాపం భయపడుతూనే.

"అవునోయ్. చట్టం నీవైపే ఉంది."

పిల్లలూ, ఈ కాగితాలు దాచండి, ఎవరికీ చూపించకండి. అంతటి ప్లీడరు, జేబులోంచి ఒక్కొక్క కాయే తీసి, ఏ చెట్టుది ఆ చెట్టు మొదట్లో పెట్టుకుంటూ, ఆ సాలు వెంట వంగి నడిచి వెళ్ళారు.