పూల పేర్ల కంప్యూటర్లు, మా ఆపా

పోయిన వారం పొద్దున్నే తంగేడు ఫోన్ చేసింది. "గునుగూ, మన ఆపా పోయిందే" అని ఒక్క మాట చెప్పి ఏడ్చేసింది. హుజూరాబాద్‌లో, తన ఇంట్లోనే, నిద్రలోనే పోయిందట.

తంగేడు, గునుగు మా అసలు పేర్లు కావు. తొంభైల మొదట్లో మేం కంప్యూటర్ నేర్చుకున్నప్పుడు ఎవరం ఏ మిషన్ ముందు కూర్చున్నామో ఆ మిషన్ పేరు. మిషన్లకు ఆ పూల పేర్లు పెట్టింది ఆపా. ఉర్దూలో ఆపా అంటే అక్క. మాకు ఆమె టీచర్. ఆమె గురించి కాస్త గంభీరంగా రాద్దామనే కూర్చున్నాను, నా వల్ల కావడం లేదు. ఆపా గుర్తొస్తే నాకు ఇప్పటికీ కాలు నిలవదు. ఎవరినో ఒకరిని చెయ్యి పట్టి లాక్కుపోయి "ఇటు చూడండి, ఇటు చూడండి!" అనాలనిపిస్తుంది.

బట్టల దుకాణం పైన రెండు గదులు. పెద్ద గదిలో మా మిషన్లు, చిన్న గదిలో ఒకే ఒక్కటి. మా మిషన్లలో హార్డ్ డిస్క్ లేదు, ఫ్లాపీ పెట్టే సందు కూడా లేదు. వాటికి సొంతంగా ఏమీ తెలియదు పాపం. స్విచ్ వేయగానే కేబుల్ గుండా చిన్న గదిలో ఉన్న సర్వర్‌ను అడిగేవి: నేనెవరిని, నా తెర ఏ రంగు, నేనేం పని చేయాలి? అందరి సంగతులూ ఆ సర్వర్‌లో ఒక్క ఫైల్లో రాసి ఉండేవి. అడిగినదాని నంబరు చూసి, "నువ్వు గునుగువు, ఇదిగో నీ సామాను" అని పంపించేది. ఆపా దాన్ని పెద్దక్క అనేది.

"ఇల్లు మొత్తం పెద్దక్క కాడ ఉన్నది. మీ మిషన్లన్ని ఆమెనడిగే నడుస్తయ్" అని మొదటి రోజే చెప్పింది. పూల పేర్లెందుకని అడిగితే నవ్వింది. "మా గల్లీల బతుకమ్మ ఆడుతుంటె చిన్నప్పటిసంది చూస్తున్న. గీ పూలు మీకంటె నాకే ఎక్కువ ఎర్క."

ఒకరోజు మమ్మల్నందరినీ మిషన్లు బంద్ చేయమని, తను చిన్న గదిలోకి పోయి టకటకా ఏదో కొట్టి వచ్చింది. "ఇగ వెయ్యుండ్రి" అంది. వేశాం. నల్లటి తెరలన్నీ పసుపుపచ్చగా లేచాయి! ఒక్కచోట ఒక్క వరుస మారిస్తే గది నిండా పసుపు. మేం అరిచిన అరుపులకు కింద దుకాణాయన మెట్లెక్కి వచ్చాడు. ఇంకోరోజు ఆపా వేలు జారి ఏదో తప్పు కొట్టింది, మిషన్లన్నీ ఒక్కసారే మొండికేశాయి. "చూసిన్రా? ఒక్క దగ్గర దిద్దితే అందరికి దిద్దినట్టు. ఒక్క దగ్గర తప్పు జేస్తె అందరికి తప్పే. గందుకే పెద్దక్క ముందట కూసున్నప్పుడు ముచ్చట్లు వెట్టద్దు" అంది. సాయంత్రం పోయేముందు ఒక్కో మిషన్ మీద అరచెయ్యి ఆనించి చూసేది, పిల్లలకు జరమొచ్చిందేమో చూసినట్టు.

ఇంత సంబరం మా బాపు కళ్లలో పడలేదు. ఆయన మార్కెట్లో వడ్ల వ్యాపారి. కరీంనగర్‌లో ఉన్న మా మేనమామ, డిస్క్ లేకపోతే అసలు కంప్యూటరే కాదని ఆయన చెవిలో వేశాడు. ఇక చూడండి. "లోపల గింజ లేదు, గవి తాలు పెట్టెలు" అని రోజూ సణుగుడే. దసరా రోజు దుకాణం మూస్తాను కదా, వచ్చి చూస్తా, నచ్చకపోతే మాన్పిస్తా అన్నాడు. మాన్పిస్తే నాకు మిగిలేది పెళ్లిచూపులే. ఆ గది లేకుండా నేను బతకలేనని అప్పుడు నా నమ్మకం.

ఇద్దరు ముగ్గురి తండ్రులు కూడా అదే మాట మీద ఉన్నారు. ఆపా అందరినీ దసరా పొద్దునే రమ్మంది. ముందు మిషన్లకు పూజ, తర్వాత చూపించడం. పూజకు మా అవ్వ, అంటే మా అమ్మ, పసుపు, కుంకుమ, బంతిపూల దండతో అందరికన్నా ముందే వచ్చింది. ఆపా కింద చాయ్ చెప్పి వచ్చేలోపు పూజ అయిపోయింది కూడా.

పెద్దలొచ్చారు. మేం స్విచ్చులు వేశాం. తెరల మీద ఒక గీత మిణుకుమంటోంది, అంతే. మిషన్లన్నీ అడుగుతున్నాయి, జవాబు చెప్పే దిక్కు లేదు.

"ఏందమ్మా, నే జెప్పిందే అయింది గదా" అన్నాడు బాపు. నా వైపు తిరిగి, "నడువు బిడ్డా, ఇగ చాలు" అన్నాడు.

ఆపా చిన్న గదిలోకి పరుగెత్తింది, వెనకే నేను. పెద్దక్క నిండా పసుపు బొట్లు, మెడలో దండ, గోడ స్విచ్ బంద్! మా ఇంట్లో దసరాకు కాంటాకు బొట్టు పెడితే పూజ కదిపేదాకా దాని మీద ఒక్క గింజ తూచరు. అవ్వ ఇక్కడా అదే చేసింది.

"అయ్యో, గిదా నడిపిచ్చేది?" అంది అవ్వ. "పెద్దది గదా, గిది పూజల కూసుంటది, చిన్నయి పనిజేస్తయి అనుకున్న బిడ్డా."

ఆపా చెయ్యి స్విచ్ దాకా పోయి ఆగింది. అవతల గదిలో పెద్దలు చెప్పులు తొడుక్కుంటున్న చప్పుడు వినబడుతోంది, వెయ్యవేం ఆపా అని అరవబోయాను. ఆమె మాత్రం మెల్లగా, "అమ్మా, పూజల ఉన్నదాన్ని నేను ముట్టద్దు. ఏం జేయాల్నో నువ్వే చెప్పు" అంది.

అవ్వ నాలుగు అక్షింతలు వేసి, రెండు చేతులతో పెద్దక్కను జరంత ఉత్తరానికి జరిపింది. వెనక కేబుల్ ఊడకుండా ఆపా పట్టుకుంది. "పూజ కదిలింది" అంది అవ్వ. "అయితె స్విచ్చు గూడ నువ్వే వెయ్యి" అంది ఆపా.

పెద్దక్క లేచి, తన ఒళ్లు తాను చూసుకొని, జవాబులు మొదలుపెట్టింది. తంగేడు లేచింది, బంతి లేచింది, గునుగు లేచింది! ఒక్కో తెర మీద ఆ పిల్ల పేరు, ఇంటిపేరుతో సహా, తెలుగులో! గళ్ల కాగితం మీద మాతో చుక్కలు పెట్టించి అక్షరాలు గీయించింది ఇందుకని మాలో ఒక్కరికీ తెలియదు.

బాపు నా పేరు చదివాడు. అయినా వ్యాపారి కదా. "ముందే రాసి పెట్టినట్టున్నరు. గిప్పటికిప్పుడు మార్చి చూపియ్యి, నమ్ముత" అన్నాడు.

"సరే కాకా. అమ్మా, నీ పేరేంది?" అని ఆపా అవ్వను అడిగింది.

అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆమెను ఊళ్లో అందరూ ఫలానా వాళ్ల అవ్వ అనేవాళ్లే. బాపు సరేసరి, "ఏమే", "ఇగో" తప్ప పెళ్లైనప్పటినుంచి పెళ్లాం పేరు పలికిన మనిషి కాదు. చివరకు అవ్వ ఆపా చెవిలో చెప్పింది. ఆపా చిన్న గదిలో ఒక్కచోట కొట్టి వచ్చింది. బంద్ చేసి మళ్లీ వేశాం.

గది నిండా అవ్వ పేరు.

బాపు తెర దగ్గరికి వంగాడు. పైకి చదివాడు, అక్షరం అక్షరం కూడబలుక్కుని. ఏం పలికాడో తెలిసి నాలుక్కరుచుకున్నాడు. నా చదువు మాన్పించే మాట ఆ రోజు మళ్లీ ఎవరూ ఎత్తలేదు. బాపు పక్క మిషన్ దగ్గరికి పోయాడు, అదీ పైకే చదివాడు. తర్వాత దాని పక్కది. వరుసంతా అలా చదువుకుంటూ పోతుంటే, అవ్వ ఆపా భుజంలో మొహం దాచుకుని నవ్వుతోంది, ఆపా తెల్ల చున్నీకి పసుపంతా అంటుకుంటోంది.