వెయ్కో బొటనవేలి నొక్కు

ఉత్తరాన, చలికాలం గడ్డకట్టే సముద్రం ఒడ్డునున్న కెమి ఊళ్ళో ఐలా కరుకోస్కిని తెలివైనదని ఎవరూ అనరు, మొండిదంటారు. పేపర్ మిల్లు మూసేసేదాకా ముప్పై ఒక్క ఏళ్ళు కాగితం చుట్టల్లో లోపాలు పట్టే పని చేసింది. కిలోమీటర్ల పొడవు చుట్టలో మరక ఎక్కడ మొదలైందో ఆమె వేలు పెట్టి చూపిస్తే ఇంజనీర్లు నోరెత్తేవాళ్ళు కాదు. ఇప్పుడామెకు అరవై మూడు. తమ్ముడు వెయ్కోని చూసుకుంటోంది.

వెయ్కో అదే మిల్లులో కంట్రోల్ గదిలో ఉండేవాడు. ఒళ్ళంతా క్రమంగా చచ్చుబడే జబ్బు పట్టుకుంది. కాళ్ళు పోయాయి, చేతులు పోయాయి, చివరికి మాటా పోయింది. మిగిలింది కుడి బొటనవేలు. మాట పడిపోకముందే తన కోసం తానే ఒక ప్రోగ్రామ్ రాసిపెట్టుకున్నాడు. తెర మీద అక్షరాలు వరసగా వెలుగుతుంటాయి. కావలసినది వెలిగినప్పుడు వేలి కింది మీట నొక్కాలి. వాక్యం పూర్తయ్యాక కంప్యూటర్ దాన్ని పైకి చదువుతుంది. ఏడేళ్ళలో అది ఒక్కరోజు కూడా మొరాయించలేదు.

జూన్ మొదటి సోమవారం వికలాంగుల సాయపరికరాల కేంద్రం టెక్నీషియన్ వచ్చి కంప్యూటర్‌లో కొత్త కెర్నెల్ వేసి వెళ్ళాడు. కెర్నెల్ అంటే అన్నిటికన్నా అడుగున ఉండి, మీట చెప్పింది ప్రోగ్రామ్‌కి చేరవేసేది. అతని కారు వీధి దాటకముందే వెయ్కో మూగవాడైపోయాడు. అక్షరాలు వెలుగుతున్నాయి, వేలు కదులుతోంది, ఒక్క అక్షరమూ పడటం లేదు. అతని కళ్ళల్లో భయం ఐలాకి కనిపించింది.

వెంటనే ఫోన్ చేసింది.

"పాత కెర్నెల్ కూడా అందులోనే ఉందండీ. నెలాఖరుదాకా దాంతో నడుపుకోండి. తర్వాత భద్రత లేదని తీసెయ్యాల్సిందే" అన్నాడు టెక్నీషియన్.

"మరి మావాడి మాట?"

"కళ్ళతో రాసే యంత్రానికి దరఖాస్తు పెట్టుకోండి. నాలుగు నెలల్లో వస్తుంది."

"నాలుగు నెలలు నువ్వు నోరు మూసుకునుండి చూడు, తెలుస్తుంది" అని ఫోన్ పెట్టేసింది.

పాత కెర్నెల్‌తో మళ్ళీ మొదలుపెట్టగానే వెయ్కో చాలాసేపు తంటాలుపడి ఒక వాక్యం పలికించాడు. "నా ప్రోగ్రామ్‌లో తప్పు లేదక్కా. వాళ్ళే ఏదో కెలికారు."

"ఏం కెలికారో ఎలా తెలుస్తుందిరా?"

"పాతదానికీ కొత్తదానికీ మధ్య పద్నాలుగు వేల మార్పులున్నాయి, అన్నీ బహిరంగంగానే దొరుకుతాయి. సగంలో ఆపి ఒక కెర్నెల్ తయారుచెయ్. నేను మాట్లాడగలిగితే తప్పు అవతలి సగంలో ఉన్నట్టు. లేకపోతే ఇవతల. మళ్ళీ అందులో సగం."

"దీనికింత చెప్పాలా? చుట్టలో మరక పట్టడమే కదా" అంది ఐలా.

ఒక్కో కెర్నెల్ తయారవడానికి మూడు గంటలు పట్టేది. ఏ ఆజ్ఞ కొట్టాలో వెయ్కో అక్షరం అక్షరంగా చెప్పేవాడు, ఐలా కళ్ళద్దాలు సవరించుకుంటూ తన కంప్యూటర్‌లో కొట్టేది. తయారైనది అతని కంప్యూటర్‌లో వేసి, మీట వేలి కిందికి జరిపి చూసేది. మొదటిది మాట్లాడింది. "నీ జావలో ఉప్పు లేదు" అన్నాడు వెయ్కో. రెండోది మాట్లాడలేదు. మూడోదీ అంతే. మాట్లాడనిది వచ్చినప్పుడల్లా ఆ కాసేపూ తమ్ముడి మొహం చూడలేక ఐలా కిటికీ వైపు తిరిగేది. అలా సగాలు చేస్తూ పోగా ఆరో రోజుకి పద్నాలుగో తడవ పూర్తయింది. ఒకే ఒక్క మార్పు మిగిలింది.

అది రాసినవాడు జర్మనీలో ఉండే ఫ్లోరియన్. చవకరకం మీటలు ఒక్కసారి నొక్కితే రెండుసార్లు పలుకుతున్నాయని ఎవరో మొరపెట్టుకున్నారట. అందుకని సెకనులో వెయ్యో వంతులు ఇరవై అయిదుకన్నా తక్కువసేపు సాగే నొక్కుని లెక్కలోకి తీసుకోకుండా కెర్నెల్‌ని మార్చాడు. కింద ఒక వాక్యం రాశాడు: మనిషి నొక్కేది ఇంత తక్కువసేపు ఉండదు, ఇది చెత్త.

ఐలా దాన్ని మూడుసార్లు చదివింది. మనిషి మాట్లాడే మాటని చెత్త అని ఎత్తి పారబోశాడు! ఎవరినైనా అడిగాడా? నడుస్తున్న ప్రోగ్రామ్‌ని చెడగొట్టకూడదని ఆ కెర్నెల్ రాసేవాళ్ళకే ఒక పాత కట్టుబాటుంది. ఊరందరికీ చెప్పుకుంటారు, ఇంట్లో మాత్రం పాటించరు.

కెర్నెల్ రాసేవాళ్ళందరూ చదివే చోట ఐలా ఉత్తరం పెట్టింది. మర్నాడే ఫ్లోరియన్ జవాబిచ్చాడు. మర్యాదగానే రాశాడు. ఇలా నొక్కేవాళ్ళుంటారని తెలియదన్నాడు. హద్దుని పదిహేనుకి తగ్గిస్తే సరిపోతుందా, మీ తమ్ముడి నొక్కు ఎంతసేపు ఉంటుందో చెప్పగలరా అని అడిగాడు.

ప్రతి నొక్కూ ఎంతసేపుందో వెయ్కో ప్రోగ్రామ్ రాసిపెడుతుంది. ఐలా ఆ చిట్టా తెరిచింది. నిరుడు అక్టోబరులో సెకనులో వెయ్యో వంతులు ముప్పై నాలుగు. క్రిస్మస్‌కి ఇరవై తొమ్మిది. సముద్రంలో మంచు కరిగేనాటికి ఇరవై మూడు. ఇప్పుడు పంతొమ్మిది. నెలనెలా నొక్కు చిక్కిపోతోంది. ఆమె చిట్టా మూసేసింది.

పాత కెర్నెల్‌తో నడుస్తున్న వెయ్కో కంప్యూటర్ వెనకనుంచి అడిగింది. "ఏమంటాడు?"

"ఏం లేదురా. హద్దు తగ్గిస్తాడట."

"ఎంతకి?"

"పదిహేనుకి."

వెయ్కో జవాబు పూర్తవడానికి చాలాసేపు పట్టింది. "డిసెంబరుకి నా నొక్కు దాని కిందికి దిగుతుంది. ఆపైన వేలు ఎన్నాళ్ళో ఉండదు."

"నీకు తెలుసా?"

"వేలు నాది కదే అక్కా."

ఐలా దిగ్గున లేచి వంటింట్లోకి వెళ్ళింది, కుళాయి తిప్పింది, ఊరికే తిప్పి వదిలేసింది. ఏడుపు వస్తుందనుకుంది, కోపం వచ్చింది. వెనక్కి వచ్చి, తమ్ముణ్ణి అడక్కుండా, తన మాటగా రాసింది:

"మీరు ఏ హద్దు పెట్టినా మా తమ్ముడు ఒకరోజు దాని కిందికి దిగిపోతాడు. ఆ రోజు అతని వేలు ఆగిపోతే నేను భరిస్తాను. వేలు ఇంకా కదులుతుంటే మీరు ఆపేస్తే భరించను. చవక మీటలకి మందు వెయ్యాలంటే ఆ మీటలకే వెయ్యండి. మాకు హద్దు వద్దు."

మూడో రోజు కెర్నెల్‌లో మీటల విభాగం చూసే పెద్దావిడ రెండే ముక్కలు రాసింది: మార్పు వెనక్కి తీశాను, ఇది ముందే చెయ్యాల్సింది. కింద, కబురు తెచ్చినవారు ఐలా కరుకోస్కి, పరీక్షించినవారు వెయ్కో కరుకోస్కి అని ఉంది. ఫ్లోరియన్ క్షమాపణ పంపాడు. ఐలా జవాబివ్వలేదు. ఇవ్వాలని అనిపించలేదు.

ఇరవై ఎనిమిదో తారీకున టెక్నీషియన్ మళ్ళీ వచ్చి, సరిచేసిన కెర్నెల్ వేసి, పాతదాన్ని తీసేసి వెళ్ళాడు. ఐలా స్టవ్ దగ్గర నిలబడి జావ కలుపుతోంది. అక్షరాలు వెలుగుతున్నాయి.

కాసేపటికి కంప్యూటర్ పలికింది.

"అక్కా, డిసెంబరులోగా చెప్పాల్సినవి చాలా ఉన్నాయి. వచ్చి కూర్చో."

ఆమె స్టవ్ ఆపేసి వెళ్ళి కూర్చుంది.