లేచిన పడవ, రాని పడవ

మా మేడమ్ పోయారని నాకు ధర్మవరం బస్టాండులో తెలిసింది. పొద్దున పాఠాలు చెప్పడానికి కాలేజీకి బయల్దేరి బస్సు కోసం నిల్చుని ఉంటే, నాతో చదువుకున్న స్నేహితురాలు ఫోన్ చేసింది. "గుండె ఆగిపోయిందంట. పెనుకొండలో, ఇంట్లోనే" అంది. కాలేజీ సంగతి వదిలేసి పెనుకొండ బస్సెక్కాను. దారిలో ఏడుపు రాలేదు. ఆమె మీద నాకు ఇంకా కోపం ఉంది. పోయినవాళ్ళ గురించి రాసేటప్పుడు ఇలాంటి మాట రాయకూడదంటారు. కానీ అది దాచి రాస్తే నేను రాసేది ఆమె గురించి కాకుండా పోతుంది.

హిందూపురంలో మేం చదివిన ఇంజనీరింగ్ కాలేజీలో ఆమె ఎలక్ట్రికల్ పాఠాలు చెప్పేవారు. రోజూ పెనుకొండ నుంచి బస్సులో వచ్చేవారు. ఒళ్ళో ఒక రెగ్జిన్ సంచి. అందులో టిఫిన్ డబ్బా పక్కనే స్క్రూడ్రైవర్లు, వైరు ముక్కలు. సాయంత్రం బొరుగుల పొట్లం కొనుక్కుని, పక్క సీట్లో ఎవరు కూర్చున్నా వాళ్ళ చేతిలో ఒక గుప్పెడు పోసేవారు. క్లాసులో ఎవరైనా లెక్కలు కట్టి గొప్పగా చూపిస్తే, "కాయితం మీద అన్నీ తేల్తాయి పాపా" అని నవ్వేవారు.

మాది తాడిమర్రి పక్క పల్లె. రిజర్వాయర్ నీళ్ళు నిలిచాక ఊరు ఒక గట్టున, మా చేలు అవతలి గట్టున మిగిలాయి. ఎదురుగా కనిపించే చేనికి చుట్టు తిరిగి పోవాలి. ఆటో దొరికితే ఆటో, లేకుంటే నడక. ఈ సంగతి ఒకసారి మాటల్లో మేడమ్‌కు చెప్పాను. ఆ ఆదివారమే ఆమె మా ఊరికి వచ్చి, అమ్మతో కలిసి ఆ దారంతా నడిచారు. తిరిగొచ్చి, వాచిన కాళ్ళు నీళ్ళలో పెట్టుకుని కూర్చుని, "ఈడికి పడవ కావల్ల. డీజిల్ లేకుండా, బ్యాటరీతో పోయేది" అన్నారు.

హైడ్రోఫాయిల్ అనే మాట నేను విన్నది అప్పుడే. పడవ అడుగున, నీళ్ళలో మునిగి ఉండే రెక్కలు అవి. పడవ వేగం అందుకోగానే ఆ రెక్కలు దాన్ని పైకి ఎత్తుతాయి. ఇక పడవ నీళ్ళను రాసుకోదు కాబట్టి చిన్న బ్యాటరీతోనే చాలా దూరం పోతుంది. ఎక్కడో చలి దేశంలో అలాంటి పడవలు జనాన్ని మోస్తున్న వీడియోలు చూపించారు. మేడమ్, నేను అలాంటి పడవ చేసే పనిలో పడ్డాం. చదువైపోయి నాకు ధర్మవరంలో ఉద్యోగం వచ్చాక కూడా సెలవు రోజుల్లో అదే పని.

చివరికి ఇద్దరు కూర్చునే పడవ తయారైంది. ట్రాక్టర్‌లో వేసుకుని మా ఊరి గట్టుకు తెచ్చాం. నేను నడిపాను, మేడమ్ నా వెనక కూర్చున్నారు. గట్టు వెంబడి కాసేపు మామూలు పడవలాగే నీళ్ళను తోసుకుంటూ పోయింది. ఉన్నట్టుండి అడుగున నీళ్ళు కొట్టుకునే చప్పుడు ఆగిపోయింది. మేం నీళ్ళకు పైన ఉన్నాం. గట్టు మీద ఈలలు, కేకలు. "లేచింది పాపా, లేచింది!" అని మేడమ్ నా వీపు మీద దబదబా చరిచారు. ఆ పూట అమ్మ ఆమెకు జొన్నరొట్టె, వంకాయ కూర పెట్టింది. "మీ పడవొస్తే మా కాళ్ళు బతుకుతాయి మేడమ్" అంది.

ఆ వీడియో పై అధికారుల దాకా పోయింది. పెనుకొండలో సమావేశం పెట్టారు. పెద్ద పడవ చేసి ఫెర్రీలాగా నడపడానికి మంజూరు దాదాపు ఖాయమని ముందే కబురు చేశారు. నాయన ఊరి తరఫున ఇస్త్రీ చొక్కా వేసుకుని నాతో వచ్చాడు. నేను లేచి పడవ గొప్పతనమంతా వివరించాను. మేడమ్ తలదించుకుని విన్నారు. అధికారి సంతోషపడి, "మన ప్రాంతానికి పేరొస్తుంది. జనాన్ని ఎక్కించుకుని రోజూ తిరుగుతుంది కదా మేడమ్?" అని అడిగాడు.

"తిరగదు సార్" అన్నారామె.

తప్పుగా విన్నాననుకున్నాను. ఆమె నా వైపు చూడకుండా చెప్పుకుపోయారు. నీళ్ళ కింద మునిగిపోయిన చెట్ల మొద్దులున్నాయి. వేగంగా పోయేటప్పుడు రెక్కకు ఒక్క మొద్దు తగిలితే పడవ కూలబడుతుంది. ఎండాకాలం నీళ్ళు తగ్గితే రెక్కలు నేలకు తగులుతాయి. గడ్డిమోపులూ ఎరువు మూటలూ మేకలూ ఎక్కితే బరువుకు పడవ లేవదు. లేవని పడవకు ఆ రెక్కలే భారం. పైగా అవతలి గట్టు ఎంతో దూరం లేదు, పడవ లేచి నిలదొక్కుకునేలోపే దిగే చోటు వస్తుంది.

"ఈడికి కావల్సింది అడుగు చదునుగా ఉండి, మెల్లగా పోయే బ్యాటరీ పడవ సార్. చూసేదానికి బాగుండదు. కానీ రోజూ పోతుంది. అది ఇయ్యండి."

అధికారి ముఖంలో నవ్వు పోయింది. "సరే, పరిశీలిద్దాం" అని లేచాడు.

మెట్లు దిగుతూ నాయన నన్ను మెల్లగా అడిగాడు. "ఏం పాపా, ఆయమ్మ మన పక్కనా, వాళ్ళ పక్కనా?"

నేను వెనక్కి పోయి మేడమ్‌ను నిలదీశాను. "నాకెందుకు ముందే చెప్పలేదు? మా నాయన ముందర నన్నెందుకు అంత మాట్లాడనిచ్చినారు?"

"మొద్దుల సంగతి మొన్ననే తెలిసింది. చేపలోళ్ళతో పుట్టి వేయించుకోని నీళ్ళలోకి పోయి, గడతో గుచ్చి చూస్తి" అన్నారు. "నీకు చెప్పింటే నువ్వు ఏడ్చింటావు. నేను నిజం చెప్పకుండా ఆగిపోయింటా. అది నా పడవ కూడా పాపా" అన్నారు.

ఆమె చెప్పినవన్నీ నిజాలే. నేనే పడవ నడిపేదాన్ని కాబట్టి ఒకరోజు మా అమ్మనే ఎక్కించుకుని ఆ మొద్దుల మీదికి పోయేదాన్నేమో. అయినా నమ్మినవాళ్ళు నలుగురిలో మన చెయ్యి వదిలేస్తే, అది నిజం కోసమే అయినా, నొప్పి తగ్గదు. నా నొప్పి తగ్గలేదు.

మెల్లగా పోయే పడవకు ఆమె కొత్త నమూనా వేసి ఆఫీసుల చుట్టూ తిరిగారు. అది రాలేదు. కొన్నాళ్ళకు పేపర్లో చిన్న వార్త వచ్చింది. నిపుణుల సలహా మేరకు, ప్రయాణికుల భద్రత దృష్ట్యా పడవ ఆలోచన విరమించుకున్నారట. నేను ఆ పేపరు పట్టుకుని పెనుకొండ పోయాను. ఆమె అప్పటికే చదివారు. కళ్ళద్దాలు తీసి చీర చెంగుతో తుడుస్తూనే ఉన్నారు.

"నా మాటలో సగమే తీసుకున్నారు. పడవ వద్దన్న సగం" అన్నారు.

ఆ తర్వాత కూడా ఆమె మా ఊరికి వస్తూనే ఉన్నారు. ఏం ముఖం పెట్టుకుని వస్తారని నాకనిపించేది. అమ్మ అన్నం పెట్టేది, మాటలు మాత్రం తగ్గించింది. "నిజం చెప్పి మాకేం తెస్తివి మేడమ్?" అని ఒకసారి అడిగేసింది. మేడమ్ తల వంచుకుని, "ఏం తేలేదమ్మా" అన్నారు. సాకులు చెప్పలేదు.

ఇప్పుడు నా విద్యార్థులు ఏ ప్రాజెక్టు తెచ్చినా "బాగుండాది సరే, ఈడ పనికొస్తుందా?" అని ఆమెలాగే అడుగుతాను. ఒకవేళ కాదనాల్సి వస్తే, నలుగురిలోకి పోకముందే పిల్లలకు చెప్తాను. రెండూ ఆమె దగ్గర నేర్చుకున్నవే.

మేడమ్ పోయిన రోజు పెనుకొండ నుంచి అమ్మకు ఫోన్ చేశాను. "అవతలి చేన్లో ఉండా. వస్తాండా" అంది. చుట్టు తిరిగి ఇంటికి పోయి, చీర మార్చుకుని, ధర్మవరం వచ్చి, అక్కడ ఇంకో బస్సు పట్టుకుని వచ్చేసరికి అంతా అయిపోయింది. షామియానా విప్పుతున్నారు. ఇల్లు కడిగిన నీళ్ళు వీధిలో పారుతున్నాయి. అమ్మ చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో చామంతి మాల.

"తీసకపోయినారా?" అంది.

"తీసకపోయినారు అమ్మా."

అమ్మ మాల బయటికి తీసి, బస్సులో తాగగా మిగిలిన నీళ్ళు దాని మీద చిలకరించింది. పూలు నలగకుండా ఒళ్ళో పరుచుకుని, తడి మెట్టు మీద అలాగే కూర్చుంది.